అమెరికా ఫోర్‌క్లోజర్ లెక్కలు: ఆ శాతాల వెనక ఏముంది

2025లో అమెరికాలో సుమారు 3.67 లక్షల ఇళ్ల మీద ఫోర్‌క్లోజర్ కాగితాలు నమోదయ్యాయి. అంటే వాయిదాలు కట్టలేదని అప్పిచ్చినవాళ్లు ఇంటిని వేలానికి పెట్టే ప్రక్రియ మొదలుపెట్టడమో, వేలం తేదీ ఖరారు చేయడమో, ఇంటిని స్వాధీనం చేసుకోవడమో జరిగింది. 2024తో పోలిస్తే ఇది 14 శాతం ఎక్కువ. ఈ అంకె బయటికి రాగానే యూట్యూబ్‌లో ఎర్ర బాణాలు, కూలిపోతున్న ఇళ్ల బొమ్మలు, "2008 మళ్లీ వచ్చేసింది" అన్న శీర్షికలు మొదలయ్యాయి. ఇల్లు కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకు ఇది ఇంకో ఏడాది ఆగమన్న సలహాలా వినిపించింది. ఈమధ్యే కొన్నవాళ్లకు టెన్షన్ పట్టుకుంది.

ఈ లెక్కలు కట్టే ఆటమ్ అనే సంస్థ పాత అంకెలనే పక్కన పెట్టి చూస్తే బొమ్మ మారిపోతుంది. 2010లో ఇలాంటి ఇళ్లు 28.7 లక్షలు. దేశంలో ప్రతి 45 ఇళ్లలో ఒకటి. 2019 అంటే కరోనాకు ముందు, ఎవరూ సంక్షోభం అనుకోని ఏడాది. అప్పుడు 4.93 లక్షలు. 2021లో 1.51 లక్షలకు పడిపోయింది. 2005 నుంచి ఉన్న రికార్డుల్లో అంత తక్కువ ఎప్పుడూ లేదు. 2022లో ఒక్కసారిగా 115 శాతం పెరిగింది. అంత పెరిగాక కూడా చేరింది 3.24 లక్షల దగ్గరికే. అట్టడుగు నుంచి లేచిన అంకెకు శాతం ఎప్పుడూ భయంకరంగానే కనిపిస్తుంది. 2023లో ఇంకో 10 శాతం పెరిగింది, 2024లో 10 శాతం తగ్గింది, 2025లో మళ్లీ పెరిగింది. ఇంత చేసినా 2019 స్థాయిని ఇంకా అందుకోలేదు.

అలాగని పట్టించుకోనక్కర్లేదని కాదు. ఆ అంకె దేన్ని కొలుస్తోందో తెలుసుకోవాలి. జనం ఎంత ఇబ్బందిలో ఉన్నారో అదొక్కటే కొలవదు. చట్టం నోటీసులు ఇవ్వనిస్తోందా, ఇబ్బందిలో ఉన్నవాడికి ఇల్లు అమ్ముకుని బయటపడే దారి ఉందా అన్నవి కూడా అందులో కలిసిపోయి ఉంటాయి. గత పదిహేనేళ్లలో ఈ లెక్కలో వచ్చిన పెద్ద కుదుపుల్లో చాలావాటికి కారణం ఈ రెండోది, మూడోదే.

ముందు ఆ కాగితం సంగతి. ఒకటి రెండు వాయిదాలు తప్పితే వెంటనే ఎవరూ కోర్టుకు వెళ్లరు. 2014 జనవరి నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం, సొంతంగా ఉంటున్న ఇంటి విషయంలో బకాయి 120 రోజులు దాటేదాకా లోన్ సర్వీసర్ (వాయిదాలు వసూలు చేసే సంస్థ) ఫోర్‌క్లోజర్ మొదటి నోటీసు ఇవ్వడానికి సాధారణంగా వీల్లేదు. కాబట్టి జనవరిలో ఉద్యోగం పోయి ఫిబ్రవరిలో వాయిదా తప్పినవాడు ఈ లెక్కలోకి రావాలంటే కనీసం జూన్ రావాలి. నిజానికి ఇంకా ఆలస్యమే అవుతుంది. ఈ అంకె ఎప్పుడూ పాత వార్తే చెబుతుంది.

ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. న్యూయార్క్, న్యూజెర్సీ, ఫ్లోరిడా, ఇల్లినాయ్ లాంటి చోట్ల అప్పిచ్చినవాళ్లు కోర్టులో దావా వేయాలి. జడ్జి తీర్పు వచ్చాకే వేలం. న్యూయార్క్‌లో ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. టెక్సస్, జార్జియా, కాలిఫోర్నియాల్లో ఎక్కువగా కోర్టుతో పనిలేదు. లోన్ తీసుకున్న రోజు సంతకం పెట్టిన దస్తావేజులోనే వేలం వేసే అధికారం రాసి ఉంటుంది.

టెక్సస్ పద్ధతిని కొంచెం దగ్గరగా చూడాలి, తెలుగువాళ్లు ఎక్కువగా ఇళ్లు కొంటున్న రాష్ట్రం కాబట్టి. బకాయి కట్టమని సర్వీసర్ ఇంటికి ఒక ఉత్తరం పంపుతాడు. సొంతిల్లయితే అందులో కనీసం 20 రోజుల గడువు ఇవ్వాలి. అది తీరితే వేలం నోటీసు. వేలానికి కనీసం 21 రోజుల ముందు దాన్ని కౌంటీ క్లర్క్ దగ్గర దాఖలు చేసి, కోర్టు దగ్గర అంటించి, ఇంటి యజమానికి సర్టిఫైడ్ పోస్టులో పంపాలి. వేలం ప్రతి నెలా మొదటి మంగళవారం, ఉదయం 10 నుంచి సాయంత్రం 4 మధ్యలో. ఆ మంగళవారం జనవరి 1నో జులై 4నో పడితే బుధవారానికి మారుతుంది. తిరగేసి లెక్కేస్తే నోటీసు అంటించిన రోజు నుంచి ఇల్లు చేజారడానికి మూడు వారాలు చాలు. మార్ట్‌గేజ్ (ఇంటి తాకట్టు అప్పు) వేలంలో ఒకసారి పోయిన ఇంటిని డబ్బు కట్టి వెనక్కి తెచ్చుకునే హక్కు టెక్సస్‌లో లేదు.

ఇక్కడే లెక్కల్లో ఒక తిరకాసు ఉంది. టెక్సస్‌లో మొదటి ఉత్తరం ఇంటికి వచ్చే ప్రైవేటు కాగితం. అది ఏ రికార్డులోకీ ఎక్కదు. వేలం నోటీసు పడ్డప్పుడే ఆ ఇల్లు లెక్కలోకి వస్తుంది. ఫ్లోరిడాలో దావా వేసిన రోజే వస్తుంది. ఒకచోట ఆట ముగిసేటప్పుడు లెక్కపెడుతున్నారు, ఇంకోచోట మొదలైనప్పుడు. ఫ్లోరిడా ముందుంది, టెక్సస్ వెనకుంది అని ర్యాంకులు ఇచ్చే పట్టికలను ఈ తేడా గుర్తుపెట్టుకుని చదవాలి. ఆ పట్టికలు తయారుచేసేవాళ్లకు ఇది తెలుసు, వాటిని షేర్ చేసేవాళ్లకే తెలియదు.

2008 కథ అందరూ ఎంతో కొంత విన్నదే. ఆదాయం రుజువు అడగకుండా లోన్లు ఇచ్చారు. మొదటి రెండేళ్లు తక్కువ వడ్డీ చూపించి మూడో ఏట నుంచి పెంచేశారు. ఆ లోన్లను మూటలు కట్టి మదుపర్లకు అమ్ముకున్నారు. ధరలు పెరుగుతున్నంత కాలం అంతా బాగానే ఉంది. 2006 తర్వాత ధరలు తిరగబడి 2012 వచ్చేసరికి జాతీయ స్థాయిలో పావు వంతుకు పైగా పడిపోయాయి. 2009 చివరికి మార్ట్‌గేజ్ ఉన్న ప్రతి నాలుగు ఇళ్లలో సుమారు ఒకదాని మీద, ఇంటి విలువ కంటే అప్పే ఎక్కువైంది.

అంతగా చెప్పుకోనిది 2011 సంగతి. ఆ ఏడాది నోటీసులు 34 శాతం తగ్గి 18.9 లక్షలకు వచ్చాయి. జనం కోలుకున్నారనుకుంటే పొరపాటు. 2010 శరదృతువులో ఒక కుంభకోణం బయటపడింది. పెద్ద పెద్ద సర్వీసర్ల దగ్గర ఒక్కో ఉద్యోగి నెలకు వేల అఫిడవిట్ల మీద, ఫైలు తెరిచి చూడకుండానే, "వివరాలన్నీ నేను స్వయంగా పరిశీలించాను" అని సంతకాలు పెట్టేస్తున్నాడు. దీనికి రోబో సైనింగ్ అని పేరొచ్చింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఆ అక్టోబరులో 50 రాష్ట్రాల్లోనూ వేలాలు కొంతకాలం ఆపేసింది. మిగతావాళ్లు కూడా ఫైళ్లు వెనక్కి తీసుకుని మళ్లీ మొదటి నుంచి రాసుకున్నారు. 2012 ఫిబ్రవరిలో అయిదు పెద్ద బ్యాంకులు, ఫెడరల్ ప్రభుత్వం, 49 రాష్ట్రాలు కలిసి 2,500 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాక గానీ కాగితాల బండి మామూలుగా నడవలేదు. 2011 తగ్గుదల కాగితాలు ఆగిపోవడం వల్ల వచ్చిందే ఎక్కువ. ఆ ఏడాది గ్రాఫ్ చూసి గండం గట్టెక్కిందనుకున్నవాళ్లు పొరబడ్డారు.

ఇంకా విచిత్రం 2020. ఆ ఏప్రిల్‌లో నిరుద్యోగం 14 శాతం దాటింది, 1930ల మహామాంద్యం తర్వాత అంత పెద్ద అంకె అదే. సంపాదన అలా ఆగిపోయిన ఏడాదిలో ఫోర్‌క్లోజర్లు ఆకాశాన్ని అంటాలి. జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. మార్చి 27న సంతకమైన కేర్స్ చట్టం, ఫెడరల్ అండ ఉన్న లోన్లకు వాయిదాలు ఆపుకునే వెసులుబాటు ఇచ్చింది. మొదట 180 రోజులు, అడిగితే మరో 180 రోజులు. వేలాల మీద నిషేధం 2021 జులై 31 దాకా పొడిగిస్తూ పోయారు. దాదాపు 80 లక్షల మంది ఈ వెసులుబాటు వాడుకున్నారు. ఆగిన వాయిదాలను చాలామందికి లోన్ చివరికి నెట్టేశారు, ఇల్లు అమ్మినప్పుడో లోన్ తీరినప్పుడో కట్టుకోవచ్చన్నమాట. ఈ లోపు ధరలు పెరిగాయి, కట్టలేనివాళ్లు లాభానికి అమ్ముకుని వెళ్లిపోయారు. 2021 కనిష్ఠం, 2022 గరిష్ఠ శాతం రెండూ ఈ నిషేధం గీసిన గీతలే.

మూడో సంగతి, ఇల్లు అమ్ముకుని బయటపడగలగడం. చాలామంది వదిలేసేది దీన్నే, అసలు కీలకం మాత్రం ఇదే. ఉద్యోగం పోయిన ప్రతివాడి ఇల్లూ వేలానికి రాదు. ఉద్యోగం పోవడం, ఇంటి విలువ అప్పు కంటే కిందికి రావడం, రెండూ కలిస్తేనే ఎక్కువగా వస్తుంది. ఒక ఊహా లెక్క వేసి చూద్దాం.

మొదటి కుటుంబం 2019లో 3 లక్షల డాలర్లకు ఇల్లు కొంది. 2021లో 3 శాతం లోపు వడ్డీకి రీఫైనాన్స్ చేసుకుంది, అంటే కొత్త లోన్ తీసుకుని పాతది తీర్చేసింది. ఇప్పుడు అప్పు 2.5 లక్షలు, ఇంటి ధర 4.3 లక్షలు. సంపాదన ఆగిపోయిందనుకుందాం. ఏజెంట్ల కమిషన్, ఇతర ఖర్చులు కలిపి 6 శాతం తీసేసినా 4.04 లక్షలు చేతికొస్తాయి. అప్పు తీర్చగా లక్షన్నర మిగులుతుంది. ఈ ఇంటి మీద నోటీసు పడినా అది వేలం దాకా వెళ్లదు, బోర్డు పెట్టి అమ్మేస్తారు. రెండో కుటుంబం 2022 మధ్యలో 4 లక్షలకు కొంది. ప్రభుత్వ బీమా ఉండే ఎఫ్‌హెచ్‌ఏ లోన్, డౌన్ పేమెంట్ మూడున్నర శాతం అంటే 14 వేలు. మొదట్లోనే వేసే ఇన్సూరెన్స్ ఫీజు కూడా అప్పులో కలిసి 3.93 లక్షలైంది. అయిదున్నర శాతం వడ్డీతో మూడున్నరేళ్లు ఒక్క వాయిదా తప్పకుండా కట్టినా ఇంకా 3.73 లక్షలు బాకీ. తొలి ఏళ్లలో కట్టేదాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. ఆ ఊళ్లో ధరలు 10 శాతం తగ్గాయి. 3.6 లక్షలకు అమ్మి ఖర్చులు పోనిస్తే 3.38 లక్షలు. ఇల్లు అమ్మాలంటే ఎదురు దాదాపు 35 వేల డాలర్లు జేబులోంచి పెట్టుకోవాలి. సంపాదన ఆగిన ఇంట్లో ఆ డబ్బు ఎక్కడిది?

దేశం మొత్తంగా చూస్తే మొదటి కుటుంబం లాంటివాళ్లే ఎక్కువ. సొంతిల్లు ఉన్నవాళ్లలో 40 శాతం దాకా అసలు మార్ట్‌గేజే లేదు. ఉన్నవాళ్లలో సగానికి అటూ ఇటూగా వడ్డీ 4 శాతం లోపే. అప్పు విలువను మించిపోయిన ఇళ్లు 2 శాతం దరిదాపుల్లోనే ఉన్నాయి. 2009లో నాలుగింట ఒకటి ఉన్నదానితో పోలికే లేదు. పైగా 2014 నుంచి ఆదాయం రుజువు చూడకుండా లోన్ ఇవ్వడం చట్టరీత్యా కుదరదు. అందుకే నోటీసుల అంకె కంటే, వేలంలోనూ కొనేవాడు లేక చివరికి బ్యాంకు చేతికి వెళ్లిన ఇళ్ల అంకెను ఎక్కువ నమ్మాలి. 2010లో అలాంటివి 10 లక్షలు దాటాయి. 2025లో పెరిగినా 50 వేల లోపే.

మరి ఇబ్బంది ఎక్కడుంది? రెండో కుటుంబం లాంటివాళ్ల దగ్గర. ఎఫ్‌హెచ్‌ఏ అంటే తక్కువ డౌన్ పేమెంట్‌తో, ఓ మోస్తరు క్రెడిట్ స్కోరుతో మొదటిసారి కొనేవాళ్లకు ప్రభుత్వం బీమా ఇచ్చే లోన్. 2025లో మామూలు లోన్లలో వాయిదా తప్పినవి 3 శాతం లోపే ఉండగా, ఎఫ్‌హెచ్‌ఏ లోన్లలో 11 శాతం దరిదాపుల్లో ఊగాయి. మొత్తం మార్ట్‌గేజ్‌లలో వీటి వాటా చిన్నదే అయినా మూడు నెలలకు పైగా బకాయి పడ్డవాటిలో సగానికి పైగా ఇవే. 2022, 2023ల్లో ధర, వడ్డీ రెండూ పైనున్నప్పుడు కొన్నవాళ్లు ఇందులో ఎక్కువ. 2023 అక్టోబరులో 30 ఏళ్ల వడ్డీ 7.79 శాతానికి చేరింది. 2021 జనవరిలో అదే 2.65 శాతం.

మాజీ సైనికుల లోన్ల కథ ఇంకోలా నడిచింది. ఆగిన వాయిదాలను చివరికి నెట్టే ఏర్పాటును వెటరన్స్ శాఖ 2022 అక్టోబరులో తీసేసింది. నోటీసులు పెరిగి గోల అవడంతో 2023 నవంబరులో వేలాలు ఆపమంది, ఆ ఆపుదల 2024 చివరి దాకా సాగింది. 2024 మేలో లోన్లను తనే కొని వడ్డీ తగ్గించే పథకం పెట్టి, 2025 మే 1న దాన్ని మూసేసింది. 2025 జులైలో పాత ఏర్పాటును పోలినదాన్ని కాంగ్రెస్ మళ్లీ చట్టంగా చేసింది. ఈ మధ్యలో పెరిగిన నోటీసులను చూసి సైనికుల కుటుంబాలు హఠాత్తుగా చితికిపోయాయనుకోవడం సరికాదు. పథకాలు పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడంతో గ్రాఫ్ కొండలూ లోయలూ ఎక్కింది.

వడ్డీ మారని లోన్ తీసుకున్నా నెలవారీ కట్టేది పెరిగిపోతుండటం ఈ అయిదేళ్లలో కొత్తగా వచ్చిన తలనొప్పి. అసలు, వడ్డీ కదలవు. కానీ వాటితో పాటు ఎస్క్రో ఖాతాలోకి (పన్ను, ఇన్సూరెన్స్ కోసం సర్వీసర్ నెలనెలా డబ్బు దాచే ఖాతా) వెళ్లే ప్రాపర్టీ ట్యాక్స్, ఇంటి ఇన్సూరెన్స్ కదులుతాయి. ఫ్లోరిడాలో ఇన్సూరెన్స్ ప్రీమియాలు మధ్యతరగతి చేతికి అందకుండా పోయాయి. 2021లో సర్ఫ్‌సైడ్‌లో అపార్ట్‌మెంట్ కూలి 98 మంది చనిపోయాక, పాత కాండోలకు (సొంత ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్లకు) తనిఖీలు, మరమ్మతు నిధి తప్పనిసరి చేశారు. అది న్యాయమే, కానీ ఆ బిల్లు పడేది అందులో ఉంటున్న రిటైరైనవాళ్ల మీద. 2025 పట్టికలో ఫ్లోరిడా ముందు వరుసలో ఉండటానికి దావా రోజే లెక్కలోకి రావడం ఒక కారణమైతే, ఇది ఇంకో కారణం.

టెక్సస్‌లో కొత్త ఇల్లు కొన్నవాళ్లకు ఎదురయ్యేది ట్యాక్స్ గండం. ఆ రాష్ట్రంలో ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, ఆ లోటంతా ప్రాపర్టీ ట్యాక్స్‌లో లాగుతారు. విలువ లెక్కించేది జనవరి 1న ఉన్న స్థితిని బట్టి. ఆ రోజుకి ఇల్లు లేచి ఉండకపోతే మొదటి ఏడాది బిల్లు స్థలానికే వస్తుంది. స్థలం విలువ 90 వేలు, రేటు 2.3 శాతం అనుకుంటే 2,070 డాలర్లు. ఎస్క్రోకి నెలవారీ కోత దాన్నిబట్టే పెట్టారనుకుందాం. మరుసటి ఏడాది ఇంటితో కలిపి విలువ 4.5 లక్షలు, బిల్లు 10,350. అంటే నెలకు 690 డాలర్లు ఎక్కువ. అంతటితో అయిపోదు. గడిచిన ఏడాది ఎస్క్రోలో పడ్డ లోటును కూడా సర్వీసర్ 12 నెలల్లో వసూలు చేస్తాడు, అది ఇంకో 690. సొంతంగా ఉంటున్న ఇంటికి ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు పెట్టుకుంటే కొంత తగ్గుతుంది గానీ, వెయ్యికి పైగా పెరిగిన వాయిదా చూసి సర్వీసర్‌కి ఫోన్ చేయని కొత్త యజమాని ఉండడు. దీనికి తోడు బిల్డర్లు ఆశ చూపే 2-1 బైడౌన్ ఒకటి. మొదటి ఏడాది వడ్డీ 2 శాతం తక్కువ, రెండో ఏడాది 1 శాతం తక్కువ, మూడో ఏట నుంచి అసలు రేటు. ట్యాక్స్ పెరగడం, వడ్డీ పెరగడం ఒకే ఏడాదిలో వచ్చి పడితే గోరుచుట్టు మీద రోకలిపోటే. మోడల్ హోమ్‌లో కాఫీ ఇచ్చి కూర్చోబెట్టే సేల్స్ ఏజెంట్ ఈ మూడో ఏడాది లెక్క కాగితం మీద వేసి చూపించడం అరుదు.

డాలస్ శివార్లలో ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు ఈమధ్య ఇళ్లు కొన్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ కథ తెలిసిందే. అయితే ఎఫ్‌హెచ్‌ఏ అంకెల్లో కనిపించే కష్టం వీళ్లది కాదు, సాధారణంగా వీళ్లవి మంచి స్కోరుతో, రెండు జీతాల మీద తీసుకున్న మామూలు లోన్లు. పైగా 2025 మే 25 తర్వాత హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ తలుపు మూసేశారు. వీళ్లకున్న ముప్పు గడువుల మధ్య పొంతన లేకపోవడం. అప్పు కట్టకపోతే మొదటి నోటీసుకు 120 రోజులు సమయం ఉంది. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికో, వీసా మార్చుకోవడానికో, దేశం విడిచి వెళ్లడానికో హెచ్-1బీకి ఉన్నది గరిష్ఠంగా 60 రోజులు. చట్టం అప్పు విషయంలో ఇచ్చిన ఊపిరి వీసా విషయంలో ఇవ్వలేదు. అందుకే ఇలాంటి కుటుంబం చాలాసార్లు ఒక్క వాయిదా కూడా తప్పకుండానే తొందర అమ్మకానికి దిగుతుంది. ఈ కష్టం ఏ ఫోర్‌క్లోజర్ పట్టికలోనూ కనబడదు. ధర తగ్గించిన లిస్టింగుల్లో కనబడుతుంది.

తొందరలో తాళం వేసి ఇండియా వచ్చేసి, తీరిగ్గా అమ్ముదామనుకుంటే ఇంకో చిక్కు. పన్ను లెక్కల్లో నాన్-రెసిడెంట్ అయిపోయాక అమ్మితే, కొనేవాళ్లు అమ్మకం ధరలో 15 శాతం దాకా కోసి అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి కట్టాలి. కోసేది లాభం మీద కాదు, ధర మీద. కొన్నవాళ్లు అందులో ఉండటానికే కొంటే, ధరను బట్టి ఈ కోత తగ్గుతుంది లేదా ఉండదు. తర్వాత రిటర్న్ వేస్తే ఎక్కువ కోసింది వెనక్కి వస్తుంది. కానీ ఇంటి అప్పు, కమిషన్ పోగా మిగిలేదే 10 శాతం అయితే, రిటర్న్ దాకా ఆగే స్తోమత ఎవరికుంది? అద్దెకిచ్చి వచ్చేవాళ్లు హెచ్‌ఓఏ (కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం) ఫీజును మరచిపోతారు. టెక్సస్‌లో ఆ బకాయికి కూడా ఇంటిని వేలం వేయించే అధికారం హెచ్‌ఓఏకి ఉంటుంది. 180 రోజుల్లోగా కట్టి విడిపించుకునే హక్కు ఉన్నా, హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి ఆ ఉత్తరం అందాలి కదా.

నోటీసులు పెరిగితే ధరలు కూలతాయా అన్నది కొనేవాళ్ల ప్రశ్న. 2008 తర్వాత కూలడానికి కారణం నోటీసులు కావు, బ్యాంకుల చేతిలో పడ్డ లక్షల ఖాళీ ఇళ్లు ఒకేసారి అమ్మకానికి రావడం. ఇప్పుడు మార్కెట్‌కి సమస్య అమ్మేవాళ్లు లేకపోవడం. 3 శాతం వడ్డీ ఉన్నవాడు దాన్ని వదులుకుని 6 శాతానికి ఇంకో ఇల్లు ఎందుకు కొంటాడు? కదలడు. 2005లో 70 లక్షల దాకా అమ్ముడైన పాత ఇళ్లు 2024లో 40.6 లక్షలకు పడిపోయాయి. దాదాపు ముప్పయ్యేళ్లలో ఇదే తక్కువ, 2025 కూడా అక్కడే ఆగింది. అమ్మకాలు ఇంత తగ్గినా సగటు కొనుగోలుదారు చెల్లించే ధర 4 లక్షల డాలర్ల పైనే ఉండిపోయింది. ఏడాదికి 50 వేల లోపు బ్యాంకు ఇళ్లు వచ్చి దీన్ని కిందికి లాగలేవు. ధరలు నిజంగా తగ్గింది ఆస్టిన్‌లో, ఫ్లోరిడా పడమటి తీరంలో. అక్కడ తగ్గించింది కొత్తగా కట్టిన ఇళ్ల సంఖ్య, ఇన్సూరెన్స్ ఖర్చు. ఫోర్‌క్లోజర్లు వాటి వెనక వస్తున్నాయి, ముందు కాదు.

వేలంలో సగం ధరకే ఇల్లు అనే ప్రచారం గురించి ఒక్క మాట. టెక్సస్ మంగళవారం వేలంలో డబ్బంతా రొక్కంగా ఉండాలి. లోపల ఇన్‌స్పెక్షన్ ఉండదు. ఇంట్లో పాత యజమాని ఇంకా ఉంటే ఖాళీ చేయించుకోవడం కొన్నవాడి పనే. ప్రాపర్టీ ట్యాక్స్ బకాయి ఇంటితో పాటే వస్తుంది. ఈ ఇల్లు రెండో లోన్ కోసం వేలమైందా మొదటి లోన్ కోసమా అన్నది ముందే రికార్డుల్లో చూసుకోకపోతే, కొన్నాక మొదటి లోన్ అలాగే నెత్తి మీద కూర్చుంటుంది. రోజూ ఇదే వ్యాపారంగా చేసేవాళ్లతో పోటీ పడాలి. బేరాలు ఉండవని కాదు, అవి సాధారణంగా యూట్యూబ్ చూసి వెళ్లినవాళ్ల దాకా రావు.

2026లో చూడాల్సింది ఒకటుంది. కరోనా కాలపు ఎఫ్‌హెచ్‌ఏ రాయితీలు 2025 సెప్టెంబరు 30తో ముగిశాయి. వాటి స్థానంలో 2026 ఫిబ్రవరి నుంచి అమలయ్యే కొత్త నిబంధనల్లో, లోన్ షరతుల సవరణ లాంటి శాశ్వత ఊరట ఒకసారి తీసుకుంటే మళ్లీ 24 నెలల దాకా దొరకదు. అంతకు ముందు కొంతమంది పదే పదే సవరణ చేయించుకుంటూ నెట్టుకొచ్చారు. వాళ్లు మళ్లీ తప్పితే ఈసారి ఆపే దారులు తక్కువ. కాబట్టి 2026లో నోటీసులు పెరిగే అవకాశమే ఎక్కువ, అందులో కొంత భాగం నిజానికి రెండు మూడేళ్ల కింద మొదలై వాయిదా పడుతూ వచ్చిన కష్టమే. అప్పుడు మొత్తం అంకెను వదిలేసి మూడు చోట్ల చూడాలి: పెరిగింది ఎఫ్‌హెచ్‌ఏ లోన్లలోనేనా లేక మామూలు లోన్లకూ పాకిందా, బ్యాంకుల చేతికి వెళ్లినవి లక్ష దాటాయా, అప్పు విలువను మించిన ఇళ్ల వాటా 2 శాతం నుంచి ఎటు కదిలింది. వీటిలో మామూలు లోన్లలో బకాయిలు నాలుగు, అయిదు శాతానికి ఎగబాకిన రోజు సంగతి వేరుగా మాట్లాడుకోవాల్సి వస్తుంది.